హేవ్‌లాక్ అనే ఇంటిపేరు ఏ ఊరిది? అసలు ఆ పేరుతో ఇప్పుడు మనుషులున్నారా?

గోదారిగట్టు
రాజమండ్రి పాత రైలు వంతెన మీద ఏ వీడియో చూసినా ఒకటే పాట. "1857లో లక్నోలో పోరాడిన జనరల్ హేవ్‌లాక్ పేరు మీద కట్టారు" అని. 1857లోనే పోయిన మనిషి పేరు గోదావరి మీద 1900లో తయారైన వంతెనకి ఎందుకు పెడతారు? చెప్పేవాడికి ఆ అనుమానం రాదు, వినేవాళ్లు లైకులు కొట్టేస్తారు. సరే, అది నా ఏడుపు.

అసలు ప్రశ్న వేరే. బ్రౌన్, మన్రో, కాటన్ లాంటి పేర్లు క్రికెట్లోనో సినిమా టైటిల్స్‌లోనో ఎక్కడో ఓ చోట తగులుతూనే ఉంటాయి. హేవ్‌లాక్ అనేవాడు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆఫీసులో లండన్ క్లయింట్లతో రోజూ మాట్లాడతాను, వాళ్లలోనూ లేడు. అండమాన్‌లో దీవి ఉంది, కొలంబోలో పేట ఉంది, మనకి వంతెన ఉంది. మనుషులేరీ? ఇది ఇంటిపేరేనా, బిరుదా?

కొవ్వూరు_పాసింజర్
ఇంటికి తాళం ఉన్నవాడు హేవ్-లాక్. తేలిపోయింది, థ్రెడ్ మూసేయండి.

పాతకాగితాలు
వీడియోవాళ్లు ఇద్దర్ని కలిపేశారు. వంతెన పేరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవ్‌లాక్‌ది. 1896 నుంచి 1900 దాకా మద్రాసు గవర్నరు. వంతెన పని 1897లో మొదలైంది, 1900లో రైళ్లు నడిచాయి. పదవిలో ఉన్న గవర్నరు పేరు పెట్టెయ్యడం అప్పటి అలవాటే. అంతకుముందు ఆయన సిలోన్‌లో గవర్నరుగా చేశాడు, కొలంబోలోని హేవ్‌లాక్ టౌన్ కూడా ఈయన పేరే.

అండమాన్ దీవి మాత్రం లక్నో జనరల్ హెన్రీ హేవ్‌లాక్ పేరు మీదది. 2018 డిసెంబరులో దాన్ని స్వరాజ్ ద్వీప్ అని మార్చారు.

ఇద్దరికీ చుట్టరికం ఉంది. ఆర్థర్ తండ్రి విలియం, హెన్రీకి అన్న. అంటే లక్నో ఆయన మన వంతెన ఆయనకి బాబాయి. విలియం కూడా సైన్యమే, 1848లో రామ్‌నగర్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆర్థర్‌కి నాలుగేళ్లు.

గోదారిగట్టు
బాబాయి కీర్తి అబ్బాయి వంతెనకి అంటుకుందన్నమాట. థాంక్సండీ. మరి ఇంటిపేరు సంగతి?

వేర్‌నది_వాసు
నేనుండేది ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్‌ల్యాండ్‌లో. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం పొగరు ఉంది, సర్దుకోండి.

హెన్రీ పుట్టింది ఇక్కడే, 1795లో, బిషప్‌వేర్‌మత్ అనే భాగంలో. ఊరు వేర్ నది ఒడ్డున ఉంటుంది, ఒకప్పుడు ఓడల తయారీకి పెట్టింది పేరు. వాళ్ల నాన్న కూడా ఓడలు కట్టించి బాగా సంపాదించినవాడే. ఆ తర్వాత ఇక్కడ ఆస్తి అమ్మేసి కుటుంబంతో కెంట్ వైపు వెళ్లిపోయాడు. మౌబ్రే పార్కులో గుట్ట మీద హెన్రీ విగ్రహం ఉంది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్నదానికి ఇది జోడీ. మా అబ్బాయిని అక్కడికి సైకిల్ నేర్పడానికి తీసుకెళ్లేవాణ్ణి. ఆ దారిన పోయేవాళ్లెవరూ తలెత్తి చూడరు, సీగల్స్ తప్ప. లండన్‌లోనూ ఇదే పరిస్థితి. 2000లో అప్పటి లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న ఇద్దరు జనరళ్లు ఎవరో తనకి తెలీదు, వాళ్లని అక్కడి నుంచి తీసేద్దాం అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఈయనే, ఇంకొకడు నేపియర్.

ఇప్పుడు అసలు తమాషా. బ్రిటన్ మ్యాపులో "హేవ్‌లాక్" అని కొట్టి చూడండి. వీధులు, టెర్రస్‌లు, పబ్బులు, స్కూళ్లు, దేశమంతా కనపడతాయి. అది చూసి ఎవరైనా ఇది చాలా పెద్ద వంశం అనుకుంటారు. కానీ ఆ వీధుల్లో ఎక్కువ భాగం 1857 తర్వాతవి. లక్నో వార్త రాగానే ఊరూరా ఆ పేరు పెట్టేసుకున్నారు. పేరు దేశమంతా పాకింది, ఇంటిపేరు ఉన్నవాళ్లు మాత్రం అలాగే కొద్దిమంది. వీధి బోర్డుల మ్యాపు వేరు, మనుషుల మ్యాపు వేరు.

సౌతాల్_సీతయ్య
వాసు గారు చెప్పిన వీధుల్లో ఒకటి మా పక్కనే. లండన్‌లోని సౌతాల్‌లో పెద్ద గురుద్వారా ఉన్నది హేవ్‌లాక్ రోడ్డు మీదే. ఆ ముక్కని ఈమధ్య గురునానక్ రోడ్ అని మార్చారు. సిక్కుల గుడి ముందు 1857 జనరల్ పేరు ఇన్నేళ్లు ఎలా ఉందో నాకైతే ఆశ్చర్యమే. చుట్టుపక్కల పాతవాళ్లు ఇప్పటికీ పాత పేరే అంటారు, అది వేరే సంగతి.

డాక్‌యార్డ్_డేవిడ్
గోదారిగట్టు గారూ, హేవ్‌లాక్ తగల్లేదన్నారు. నాకు కాలేజీలోనే తగిలాడు, అదీ గట్టిగా. వైజాగ్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ చదివేటప్పుడు ఓడ వెళ్తుంటే వెనక లేచే అలలు ఓడని ఎంత వెనక్కి లాగుతాయో లెక్కకట్టే చాప్టర్ ఒకటి ఉండేది. దాంట్లో "హేవ్‌లాక్ సోర్స్" అని ఒకటి వస్తుంది. ఆ ఇంటిగ్రల్ చూసి హాస్టల్‌లో సగం మందికి నిద్ర పట్టేది కాదు, మిగతా సగం చూడకుండానే పడుకునేవాళ్లు.

ఆయన థామస్ హెన్రీ హేవ్‌లాక్, గణిత శాస్త్రవేత్త. 1877లో న్యూకాసిల్‌లో పుట్టాడు, జీవితమంతా అక్కడే పాఠాలు చెప్పాడు. న్యూకాసిల్, వాసు గారి సండర్‌ల్యాండ్ పక్కపక్క ఊళ్లే కదా. ఒకాయన కుటుంబం ఓడలు కట్టింది, ఇంకొకాయన ఓడల అలలు లెక్కపెట్టాడు. ఇంటిపేరు ఆ తీరానిదే అనిపించడం లేదూ?

వేర్‌నది_వాసు
పక్కపక్కనే, మెట్రోలో అరగంట. కానీ ఆ మాట ఫుట్‌బాల్ మ్యాచి రోజు ఇక్కడ అనకండి.

పాతకాగితాలు
ఇద్దరు పేరున్నవాళ్లు ఒకే తీరాన పుట్టారని ఇంటిపేరు పుట్టిల్లు అదే అనెయ్యలేం. హెన్రీ పూర్వీకులు అంతకుముందు లింకన్‌షైర్‌లో గ్రిమ్స్‌బీ వైపు ఉండేవాళ్లని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. గ్రిమ్స్‌బీ ఇంకా దక్షిణాన, హంబర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న రేవు.

అక్షరాలపిచ్చి
గ్రిమ్స్‌బీ అన్నారు కాబట్టి ఇక నన్ను ఆపకండి.

హేవ్‌లాక్ మొదట ఇంటిపేరు కాదు, మనిషి పేరు. 13వ శతాబ్దం చివర ఇంగ్లీషులో రాసిన "హేవ్‌లాక్ ది డేన్" అనే కావ్యం ఉంది, ఇంచుమించు 3000 పాదాలు. దానికన్నా ముందు ఫ్రెంచిలోనూ ఈ కథ ఉంది. కథ ఏమిటంటే, డెన్మార్క్ రాజు చనిపోతే సంరక్షకుడు ద్రోహం చేసి, పసి రాకుమారుణ్ణి సముద్రంలో ముంచెయ్యమని గ్రిమ్ అనే జాలరికి అప్పగిస్తాడు. ఆ రాత్రి నిద్రపోతున్న పిల్లాడి నోట్లోంచి వెలుగు వస్తుంది, భుజం మీద రాజచిహ్నం కనపడుతుంది. గ్రిమ్ భయపడి, పిల్లాణ్ణి పెట్టుకుని కుటుంబంతో సహా పడవెక్కి ఇంగ్లండ్ చేరతాడు. వాళ్లు దిగిన చోటే గ్రిమ్స్‌బీ.

తర్వాత కరువొస్తుంది. వీడి తిండికి జాలరి సంపాదన చాలదు. కట్టుకోడానికి బట్ట కూడా లేకపోతే గ్రిమ్ తెరచాప కోసి అంగీ చేసిస్తాడు. అది తొడుక్కుని, కాళ్లకి చెప్పుల్లేకుండా లింకన్ పట్టణానికి నడిచి వెళ్లి ఓ దొరగారి వంటింట్లో నీళ్లు మోసే పనికి కుదురుతాడు రాకుమారుడు. మిగతాది మీరే ఊహించుకోండి, రాకుమారి, పెళ్లి, ఇద్దరి రాజ్యాలూ వెనక్కి రావడం. గ్రిమ్స్‌బీ ఊరి పాత ముద్ర మీద గ్రిమ్, హేవ్‌లాక్, ఆ రాకుమారి గోల్డ్‌బరో ముగ్గురూ ఉంటారు.

కొవ్వూరు_పాసింజర్
ఇది మన దగ్గర తీసుంటే ఇంటర్వెల్ నోట్లో వెలుగు దగ్గర పడేది.

మెడగుడ్డ
హేవ్‌లాక్ అంటే టోపీ వెనక మెడ మీద ఎండ పడకుండా వేలాడే గుడ్డ కూడా కదా? ఇంగ్లీషు డిక్షనరీలో చూశాను.

పాతకాగితాలు
అదీ హెన్రీ పుణ్యమే. ఆయన పేరుతోనే ఆ గుడ్డకి పేరొచ్చింది, 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదట్లో అక్కడి సైనికులూ తగిలించుకున్నారు.

ఉప్పాడ_కుర్రోడు
@అక్షరాలపిచ్చి మేడమ్, అయితే అది ఏ భాష పేరు? డేనిష్షా?

అక్షరాలపిచ్చి
దీని మీద రెండు వాదాలున్నాయి. ఒకటి, పాత నార్స్ భాషలో, అంటే వైకింగులు మాట్లాడిన భాషలో, హాఫ్‌లైక్ర్ అనే పేరు. హాఫ్ అంటే సముద్రం, లైక్ర్ అంటే ఆట. రెండోది, ఓలాఫ్ అనే నార్స్ పేరుని వెల్ష్‌వాళ్లు పలికిన తీరు అబ్లోయిక్, అదే తిరిగొచ్చి హేవ్‌లాక్ అయిందని. ఫ్రెంచి కథల్లో ఇతన్ని "హావెలోక్ కువరాన్" అంటారు. 10వ శతాబ్దంలో డబ్లిన్‌నీ యార్క్‌నీ ఏలిన ఓలాఫ్ కువరాన్ అనే రాజు నిజంగా ఉన్నాడు. నాకు రెండోదే నచ్చుతుంది. కానీ ఇంటిపేర్ల పుస్తకాలు మొదటిదాని వైపే మొగ్గుతాయి.

ఏదైనా గానీ తాళంతో సంబంధం లేదు, @కొవ్వూరు_పాసింజర్.

జన్యుగోల
ఇక్కడ ఒక పొరపాటు నెమ్మదిగా పాకుతోంది, ఆపుతాను. అరుదైన ఇంటిపేరు అంటే అందరూ ఒకే తాత సంతానం అనుకుంటున్నారు. ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరుకి అది చాలాసార్లు నిజం. అటెన్‌బరో చూడండి, నాటింగ్‌హామ్ దగ్గర అటెన్‌బరో అనే ఊరు ఉంది, అక్కణ్ణుంచి బయటికి వెళ్లిన మనిషి ఆ పేరు మోశాడు. హేవ్‌లాక్ అలా కాదు. తండ్రి పేరు ఇంటిపేరుగా స్థిరపడిన రకం. హేవ్‌లాక్ అనే పేరున్న మనిషి ఒక్కో ఊళ్లో ఒక్కొక్కడు ఉన్నా చాలు, ఇంటిపేరు రెండు మూడు చోట్ల విడివిడిగా పుట్టెయ్యచ్చు.

తేల్చేది వై క్రోమోజోమ్. అది తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, అక్కడ ఇంటిపేరు కూడా అదే దారి. లెస్టర్ యూనివర్సిటీవాళ్లు 2009లో 40 ఇంటిపేర్లు, 1678 మంది మగవాళ్లతో ఒక పరిశోధన అచ్చు వేశారు. స్మిత్ లాంటి పేరున్న ఇద్దరి మధ్య పోలిక, దారినపోయే ఇద్దరి మధ్య ఉన్నంతే. పేరు అరుదైన కొద్దీ పోలిక పెరుగుతుంది. అటెన్‌బరోల్లో అయితే చాలా ఎక్కువ.

పాతకాగితాలు
పెరుగుతుందని మీరే అన్నారుగా. అంటే హేవ్‌లాక్‌లు ఒకే చెట్టు అనడానికి అవకాశం ఎక్కువే.

జన్యుగోల
అవకాశం వేరు, రుజువు వేరు సార్. అదే యూనివర్సిటీవాళ్లు 2007లో ఇంకో సంగతి బయటపెట్టారు. యార్క్‌షైర్‌కి చెందిన చాలా అరుదైన ఇంటిపేరు ఒకటి, ఆ పేరున్న 18 మందిని పరీక్షిస్తే 7గురిలో ఆఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనపడని రకం వై క్రోమోజోమ్ బయటపడింది. అందరూ చూడ్డానికి మామూలు యార్క్‌షైర్ తెల్లవాళ్లే. ఇంత చిన్న పేరులోనూ మిగతా 11 మందికి అది లేదు. మధ్యలో దత్తతలు, అల్లుడు అత్తింటి పేరు తీసుకోవడాలు, ఇంకా చెప్పుకోలేనివి ఎన్నో ఉంటాయి.

కార్డిఫ్_కోడలు
అరుదు గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి. మా వీధిలో ఎటు చూసినా జోన్సులే. వేల్స్‌లో ఇంటిపేర్లు ఆలస్యంగా వచ్చాయి, అవి కూడా తండ్రి పేర్ల నుంచే, అందుకని జోన్స్, డేవిస్, విలియమ్స్ దగ్గరే ఆగిపోయారు. పాలు పోసేవాణ్ణి "జోన్స్ ది మిల్క్" అనేవాళ్లట, లేకపోతే ఏ జోన్సో తెలీదు.

ఈ లెక్కన హేవ్‌లాక్ ఏం అరుదు? బ్రిటన్ మొత్తంలో మా ఇంటిపేరు మా నలుగురికే ఉంది. అది కూడా పాస్‌పోర్టులో ముందూ వెనకా తారుమారై, క్లినిక్‌లో మా ఆయన్ని ఇంటిపేరుతో పిలుస్తారు, నన్ను మా నాన్న పేరుతో పిలుస్తారు. మొన్న మా పాప టీకాకి వెళ్తే మేమిద్దరం అసలు దంపతులమేనా అని రిసెప్షన్‌లో అనుమానం. రెండొందల ఏళ్ల తర్వాత ఎవరైనా మా వంశవృక్షం గీస్తే వాళ్లకి పిచ్చెక్కుతుంది.

సౌతాల్_సీతయ్య
అమ్మా, మా ఇంట్లో ముగ్గురు పిల్లలకి మూడు సర్‌నేమ్‌లు. మీరు నయం.

రికార్డుల_రమ
రిటైరయ్యాక పాత రిజిస్టర్లు టైపు చేసే వాలంటీరు పని చేస్తున్నాను, అందుకని రెండు ముక్కలు. గోదారిగట్టు గారు నిజంగా వెతకాలనుకుంటే దారి సులువే.

ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జులైలో మొదలైంది. ఆ ఇండెక్సులు ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. దానికి ముందు కావాలంటే చర్చి రిజిస్టర్లు, అవి 1538 నుంచి. పేరు పేరునా రాసిన జనాభా లెక్కలు 1841 నుంచి దొరుకుతాయి. ఇంటిపేర్ల మ్యాపులు గీసేవాళ్లందరూ 1881 లెక్క పట్టుకుంటారు, ఎందుకంటే దాన్ని వాలంటీర్లు ముందే మొత్తం ఎక్కించేశారు, పైగా జనం మరీ చెల్లాచెదురు కాకముందుది. 1921 తర్వాత పెద్ద గుంట. 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కే జరగలేదు.

హేవ్‌లాక్ విషయంలో ఒక ప్రత్యేకమైన బోనుంది. 1857 తర్వాత పుట్టిన పిల్లలకి ఆ పేరు మొదటి పేరుగానో మధ్య పేరుగానో తగిలించేశారు. 1859లో పుట్టిన రచయిత హేవ్‌లాక్ ఎలిస్ అలాంటివాడే, పూర్తి పేరు హెన్రీ హేవ్‌లాక్ ఎలిస్, అసలు ఇంటిపేరు ఎలిస్. సెర్చ్‌లో "ఇంటిపేరు" గడిలో కాకుండా మామూలుగా కొడితే ఈ పిల్లలందరూ కుప్పగా వచ్చిపడతారు. కొందరు వీళ్లని కూడా కలిపి "1860 నాటికి హేవ్‌లాక్‌లు ఒక్కసారిగా పెరిగారు" అని బ్లాగులు రాసేశారు. పెరిగింది వంశం కాదు, అభిమానులు.

ఉప్పాడ_కుర్రోడు
అంటే మన దగ్గర సుభాష్ చంద్రబోస్ అని మొదటి పేరే పెట్టేసుకున్నట్టు. మా వీధిలో బోసు అనేవాడికి బెంగాల్‌తో ఏ సంబంధమూ లేదు.

రికార్డుల_రమ
సరిగ్గా అదే బాబూ.

గోదారిగట్టు
రమ గారూ, ఇంత పేరొచ్చిన కుటుంబం కదా, వాళ్ల వారసులు ఏమయ్యారు?

పాతకాగితాలు
దీనికి నేను చెప్తాను. హెన్రీ పెళ్లాడింది బెంగాల్‌లోని శ్రీరాంపూర్ క్రైస్తవ మిషన్‌కి చెందిన జాషువా మార్ష్‌మన్ కూతురు హన్నాని. కొడుక్కి తాతగారి పేరు కలిపి హెన్రీ మార్ష్‌మన్ హేవ్‌లాక్ అని పెట్టారు. ఆ కొడుకు 1880లో, డార్లింగ్టన్ వైపు ఆస్తి రాసిచ్చిన బంధువు వీలునామా ప్రకారం ఇంటిపేరుని హేవ్‌లాక్-అలన్‌గా మార్చుకున్నాడు. ఆస్తి కావాలంటే మా పేరు తగిలించుకో అని షరతు పెట్టడం అక్కడ దొరల్లో మామూలే. ఆ వంశంలోవాడే సినిమా నిర్మాత ఆంథొనీ హేవ్‌లాక్-అలన్, 2003లో చనిపోయాడు. అందుకని ఈ శాఖని ఇప్పుడు హేవ్‌లాక్ కింద వెతికితే దొరకదు, జంట పేరు కింద చూడాలి.

జన్యుగోల
పేర్లు ఇలాగే పోతాయి. అసలు ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయి అని గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు 1874లో లెక్కే కట్టారు. యుద్ధాలూ రోగాలూ అక్కర్లేదు. కొన్ని తరాల్లో కొందరికి మగపిల్లలు లేకపోతే చాలు, చిన్న పేరు ఊరికే ఆరిపోతుంది.

మొహమాటం_లేదు
ఒక విషయం అడగాలి. అందరూ వంశం, విగ్రహం అంటున్నారు. 1857లో కాన్పూర్, లక్నో దారిలో ఆ సైన్యాలు చేసిన ఊచకోతలు ఎవరూ మాట్లాడరేం? నీల్ అనేవాడి పేరు మీద కూడా అండమాన్‌లో దీవి ఉండేది, అతను మన మద్రాసు ఫ్యూజిలీర్స్ ఆఫీసరే.

పాతకాగితాలు
న్యాయమైన మాట. నీల్ చేసిన అఘాయిత్యాలు ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లోనే ఉన్నాయి. నీల్ దీవిని కూడా హేవ్‌లాక్‌తో పాటే షహీద్ ద్వీప్‌గా మార్చారు. ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకున్నంత మాత్రాన ఆ మనిషికి దండం పెట్టినట్టు కాదు.

మొహమాటం_లేదు
ఆ మాట ఎవరో ఒకరు అనాలనే అడిగాను. కానివ్వండి.

డాక్‌యార్డ్_డేవిడ్
ఇంతకీ తేలిందేంటి? సండర్‌ల్యాండా, గ్రిమ్స్‌బీయా?

అక్షరాలపిచ్చి
గ్రిమ్స్‌బీ. కథ, ముద్ర, కుటుంబం చెప్పుకునే మాట, మూడూ అక్కడికే చేరుతున్నాయి.

జన్యుగోల
మూడూ ఒకటే సాక్ష్యం కావచ్చు మేడమ్. ఇంటిపేరు హేవ్‌లాక్ అయితే, దగ్గర్లో హేవ్‌లాక్ కథ ఉన్న ఊరు గ్రిమ్స్‌బీ అయితే, "మేము అక్కణ్ణుంచే" అని ఏ తాతైనా చెప్పుకుంటాడు. రాజు కథ పక్కన పెట్టుకుని ఎవడు వదులుకుంటాడు?

వేర్‌నది_వాసు
జన్యుగోల గారి మాట కాదనను కానీ, తూర్పు తీరమంతా బొగ్గు పడవలు, చేపల పడవలు పైకీ కిందికీ తిరిగేవి. గ్రిమ్స్‌బీలో ఓడల పని తెలిసినవాడు సండర్‌ల్యాండ్ రావడంలో వింతేమీ లేదు. గాడిద మీద కొండెక్కి రానక్కర్లేదు కదా.

రికార్డుల_రమ
తేల్చాలంటే గ్రిమ్స్‌బీ, సండర్‌ల్యాండ్ రెండు చోట్లా 1837కి ముందు చర్చి రిజిస్టర్లు చదవాలి. హావ్‌లాక్, హేవ్‌లోక్, హావెలక్, ఎలా రాసుంటే అలా తీసుకోవాలి. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు. తర్వాత కావాలంటే రెండు చోట్ల వారసుల్ని పట్టుకుని జన్యుగోల గారికి అప్పగిద్దాం. ఇంగ్లండ్‌లో ఒకే ఇంటిపేరు మీద ఇలా ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లకి 1979 నుంచి ఒక సంఘమే ఉంది.

కొవ్వూరు_పాసింజర్
ఒక్క పేరు పట్టుకుని ఏళ్లా! మా ఆవిడకి చెప్తాను, నా వంతెన ఫొటోల పిచ్చి నయం అంటుంది.

సరే గానీ, రాజమండ్రి ఇన్నీసుపేటలో ఇన్నీసు కూడా ఇలాంటి అరుదైన బాపతేనా?

పాతకాగితాలు
కాదు. ఇన్నెస్ స్కాట్లాండ్ పేరు, అక్కడ చాలామందికి ఉంది. ఈశాన్యాన మోరే ప్రాంతంలో ఇన్నెస్ అనే భూమి ఉంది, దాన్ని 1160లో నాలుగో మాల్కమ్ రాజు బెరోవాల్డ్ అనే ఫ్లెమిష్ మనిషికి రాసిచ్చాడు. ఊరిపేరు రకం, పట్టా కాగితం కూడా ఉన్న రకం. మిగతాది కొత్త థ్రెడ్‌లో అడగండి, ఇది ఇప్పటికే రెండో పేజీకి వెళ్లింది.